బెంచీ మీద కొడుకు

మా సంఘంలో ఓ మేస్త్రీ గారి అబ్బాయి ఉన్నాడు. డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో కుడివైపు ఫార్వర్డ్‌గా ఆడతాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరికన్నా ముందు బయటపడి కొత్వాల్‌గూడ చెరువు వైపు బంతి పట్టుకుని పరుగెత్తేవాడు, గత ఏడాది జులైలో ఒక ఆదివారం మాత్రం కదలకుండా కూర్చున్నాడు. ఏమైంది బిడ్డా అని అడిగాను.

"కొత్త పీడీ సారొచ్చిండు పాస్టర్ గారూ. పదిహేను రోజులాయె, కుడికాలుతో బంతి ముట్టనిస్తలేడు. ఎడమకాలుతోనే ఆడాల్నంట. నాకు ఎడమకాలు ఉన్నట్టే తెల్వదు. మొన్న మ్యాచ్‌ల బెంచీ మీద కూసోబెట్టిండు."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. వాడి కళ్లలో నీళ్లున్నాయి. పాత కోచ్ ఉన్నప్పుడు వీడు లేకుండా జట్టే లేదు. కొత్త సారుకు వీడి పేరు కూడా సరిగ్గా తెలియదు. అప్పటిదాకా ఆడిన నాలుగు స్నేహపూర్వక మ్యాచుల్లో మూడు ఓడారట. కాలేజీలో అందరూ సారును తిట్టుకుంటున్నారట. తాను మానేస్తానన్నాడు.

వాడికి ఆ రోజు నేను వాక్యం చెప్పలేదు. రహీం సాబ్ కథ చెప్పాను. చెబుతుంటే అది వాడికన్నా నాకే ఎక్కువ అవసరమని ఆ రోజు నాకు తెలియదు.

మా ఊరి పేరులో ఉన్న 'కొత్వాల్' అన్నమాట నిజాం రోజుల్లో హైదరాబాద్ నగర పోలీసు అధిపతికి వాడేవారు. నగర పోలీసు అంటే ఇవాళ మనకు గుర్తొచ్చేవి చలాన్లు, సైరన్లు. 1950లలో బొంబాయి, కలకత్తా, ఢిల్లీ నగరాల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ అంటే ఒక ఫుట్‌బాల్ జట్టు. ఆ పేరు వింటే కలకత్తా క్లబ్బులు కూడా జాగ్రత్త పడేవి. ఆ జట్టు శిక్షణ బాధ్యత 1950లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే స్కూలు మాస్టారి చేతికి వచ్చింది.

అవును, స్కూలు మాస్టారే. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, దాని జట్టులో ఆడారు. ఆ విశ్వవిద్యాలయం పాత, కొత్త విద్యార్థులు కలిసి పెట్టుకున్న 'ఎలెవన్ హంటర్స్' జట్టులోనూ ఆడారు. కనుక ఈ కథ మొదలైందే కాలేజీ మైదానంలో. తర్వాత కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడిపిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి.

పోలీసు జట్టు ఆయన రాకముందు చెడ్డదేమీ కాదు. 1943లో బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్పు గెలిచింది. కానీ ఇంట గెలిచి రచ్చ గెలవడం వేరే సంగతి. 1950 ఎలాంటి సంవత్సరమో ఒక్కసారి గుర్తుచేసుకోండి. పోలీసు చర్య జరిగి రెండేళ్లే అయింది. ఈ నగరంలో ఎవరు ఎవరిని నమ్మాలో తెలియని రోజులవి. ఆ నగరంలో, పోలీసు పేరుతో ఉన్న జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ ఉన్నారు, పాట్రిక్ ఉన్నాడు, ఫ్రూవాల్ ఉన్నాడు. వారందరూ ఒక స్కూలు మాస్టారి ఈలకు లేచి పరుగెత్తేవారు. ఆ ఏడాదే బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచారు. 1941 నుంచి ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు స్వాతంత్ర్యం తర్వాత తొలిసారి 1950లో ఢిల్లీలో జరిగితే, ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి అదీ తెచ్చారు. కొత్త కోచ్ మొదటి సీజన్ అది. రోవర్స్ కప్పును 1954 దాకా వరుసగా అయిదేళ్లు మరెవరికీ వదల్లేదు.

ఎలా సాధ్యమైంది? పాత ఆటగాళ్లు చెప్పుకున్న విషయాలు చదివితే నాకు ముందుగా కనిపించేది మా మేస్త్రీ గారి అబ్బాయి బాధే! రహీం సాబ్ బలహీనమైన కాలుతో మాత్రమే ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. కుడికాలు వాటమున్నవాడు ఎడమకాలుతోనే ఆడాలి. డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టేవారు, అంటే బంతి వచ్చిన వెంటనే మరొకరికి ఇచ్చేయాలి, దాచుకుని విన్యాసాలు చేయకూడదు. మనిషి బలం మీద కాక బలహీనత మీద పనిచేయడం చాలా ఓపిక అడుగుతుంది. ఆ ఓపిక ఫలం చూడటానికి చాలాకాలం పడుతుంది కూడా. అంతకాలం ఎవరు ఆగుతారు? మనం ఆగం. బాగా పాడే పిల్లచేత ఏడాదంతా పాటలే పాడిస్తాం, ఆ పిల్ల నలుగురిలో నిలబడి ప్రార్థన చేయగలదో లేదో మనకు పట్టదు.

"గట్లనా!" అన్నాడు అబ్బాయి. మానేసే సంగతి మళ్లీ ఎత్తలేదు.

రహీం సాబ్‌కు అన్నీ విజయాలే అనుకోకండి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. ఆ చలిదేశంలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. పది గోల్స్! అంతటి అవమానం తర్వాత మరొకరైతే ఇంటికెళ్లి తలుపేసుకునేవారు. ఆయన మాత్రం అక్కడ చూసిన ఆటను నేర్చుకుని వచ్చి, మన జట్టు నిలబడే పద్ధతినే మార్చారు. నాలుగేళ్ల తర్వాత, 1956లో మెల్‌బోర్న్‌లో, ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. మన దేశ ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంతకుమించి ఎన్నడూ వెళ్లలేదు.

ఆ జట్టులో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ నుంచి వచ్చిన పేద కుర్రాడొకడున్నాడు, తులసీదాస్ బలరాం. ప్రాక్టీసుకు రావాలంటే సైకిలు అద్దెకు తీసుకోవాలి, అద్దెకు డబ్బుల్లేవు. రహీం సాబ్ ఆ డబ్బు తానే ఇచ్చి రప్పించుకున్నారు. ఆ బలరాం 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసినప్పుడు పత్రికలన్నీ ఆయన గోల్స్ గురించి రాశాయి. నాకు ఆ అద్దె సైకిలే గుర్తొచ్చింది. ప్రతిభను గుర్తించడం అందరూ చేస్తారు, దానికి సైకిలు అద్దె కట్టేవారే కరువు.

ఇదంతా చెబుతున్నప్పుడు నేను హాయిగానే ఉన్నాను. పరాయి వాళ్ల గొప్పతనం చెప్పడంలో మాలాంటి ప్రసంగీకులకు ఒక సుఖముంది. ఆ రాత్రి ఇంటికెళ్లాక 1960 రోమ్ ఒలింపిక్స్ సంగతి చదివాను. అక్కడ ఆగిపోయాను.

రోమ్ వెళ్లిన జట్టుకు రహీం సాబే కోచ్. ఆ జట్టులో ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. భారత్ అక్కడ మూడు మ్యాచులు ఆడింది. హంగరీ చేతిలో 2-1తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచింది, పెరూ చేతిలో 3-1తో ఓడింది. పెరూతో ఆడేనాటికి ముందుకెళ్లే ఆశ సన్నగిల్లిపోయింది. ఈ మూడు మ్యాచుల్లో ఒక్కదాంట్లోనూ తండ్రి కొడుకును ఆడించలేదు. ఆ స్థానాల్లో రాం బహదూర్, కెంపయ్య వంటివారున్నారు. వాళ్లు ఆడారు. హకీం బెంచీ మీద కూర్చుని చూశాడు.

ఆశ లేని చివరి మ్యాచ్‌లోనైనా కొడుకును దింపితే ఎవరైనా ఏమనేవారు? ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒలింపిక్స్‌లో ఆడినవాడన్న పేరు జీవితాంతం ఉండేది. అమ్మకు చెప్పుకోవడానికి ఉండేది. ఆ తండ్రి మనసులో ఏముందో ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. రాసిపెట్టిందల్లా జట్టు జాబితాయే.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. నాకు 54 ఏళ్లు. పాతికేళ్లకు పైగా సేవలో ఉన్నాను. మా సంఘంలో యౌవనస్థుల కూటానికి కొత్త నాయకుణ్ణి పెట్టాల్సి ఉంది. ఆ స్థానం ఇవాళ చిన్నదే, కానీ రేపు పుల్పిట్‌కు దారి అదే. నా కొడుకు కీబోర్డు వాయిస్తాడు, చదువుకున్నాడు, మంచివాడే. "మీ తర్వాత బాబే కదా అయ్యగారూ" అని పెద్దలు అంటూ వస్తున్నారు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని వినేవాణ్ణి.

మన తెలుగు సంఘాల్లో ఇది ఎంత సహజమైపోయిందో మీకు తెలియనిది కాదు. తండ్రి పాస్టరైతే కొడుకు పాస్టరు, బోర్డు మీద తండ్రి ఫోటో పక్కన కొడుకు ఫోటో, కింద కోడలి ఫోటో. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం. అందరూ అలాంటివారని అనను. పిలుపు ఉన్న కొడుకులూ ఉన్నారు, తండ్రిని మించినవారూ ఉన్నారు. కానీ పిలుపు ఉందో లేదో ఎవరూ అడగనే అడగరు, అదీ బాధ. సమూయేలంతటి దైవజనుడు తన కొడుకులను న్యాయాధిపతులుగా నియమిస్తే వాళ్లు లంచాలకు ఆశపడ్డారు, చివరికి ప్రజలు వచ్చి మాకు రాజే కావాలన్నారు (1 సమూ. 8).

మా దగ్గర మరొక యువకుడున్నాడు. విమానాశ్రయంలో కార్గో విభాగంలో రాత్రి డ్యూటీ చేస్తాడు. ఉదయం ఇంటికెళ్లే దారిలో జబ్బుపడ్డవారి ఇంటికి వెళ్లి పలకరించి, ప్రార్థించి, అవసరమైతే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లి, అప్పుడు వెళ్లి పడుకుంటాడు. మాట తడబడుతుంది, పాట రాదు. కానీ సంఘంలో యౌవనస్థులకు కష్టమొస్తే ముందు ఫోన్ చేసేది నాకు కాదు, నా కొడుక్కీ కాదు, అతనికే. ఇది నాకు తెలుసు. తెలిసే పక్కన పెట్టాను.

నేను వేదాంత కళాశాలలో చదివినవాణ్ణి కదా, మనసుకు కావలసిన సాకు లేఖనాల్లోంచే తెచ్చుకోగలను. బర్నబా తన దగ్గరి బంధువైన మార్కును వెంటబెట్టుకోలేదా అని వాదించుకున్నాను. మధ్యలో వదిలేసి వెళ్లిపోయిన మార్కు కోసం పౌలుతోనే తగవుపడి విడిపోయాడు. తర్వాత ఆ మార్కే ఎంతో ఉపయోగపడ్డాడు కూడా. మంచి వాదనే! రాత్రి రెండింటి దాకా దాన్ని పట్టుకునే కూర్చున్నాను. కానీ అదే బర్నబా గురించి మరొకటి ఉంది. ఎవరూ నమ్మని సౌలును వెతుక్కుంటూ తార్సు దాకా వెళ్లి, అంతియొకయకు తీసుకొచ్చినవాడు అతడే (అపొ.కా. 11). మొదట్లో గ్రంథం 'బర్నబా, సౌలు' అని రాస్తుంది. కొన్ని అధ్యాయాలు గడిచేసరికి 'పౌలు, బర్నబా' అని రాయడం మొదలుపెడుతుంది. పేరు వెనక్కి జరిగింది. మార్కు విషయంలో పోట్లాడిన మనిషి దీనికి పోట్లాడినట్టు ఎక్కడా లేదు. పడిపోయినవాడికి రెండో అవకాశం ఇవ్వడానికి అతడు పోరాడాడు. మా వాడు పడిపోయినవాడు కాదు, పడకముందే పీట వేయించుకున్నవాడు. ఆ వేసిన చెయ్యి నాది.

మళ్లీ రహీం సాబ్ దగ్గరికి వస్తాను. 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనకు క్యాన్సర్. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌పై, జపాన్‌పై గెలుపు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. తైవాన్, ఇజ్రాయెల్ జట్లను రానివ్వకపోవడాన్ని మన క్రీడాధికారి ఒకరు తప్పుపట్టడంతో ఇండోనేషియా జనం మండిపడి ఉన్నారు. లక్షమంది దాకా నిండిన స్టేడియం మనవాళ్లపై అరుస్తూనే ఉంది.

ముందురోజు రహీం సాబ్ తన కుర్రాళ్లను పిలిచి, నాకొక బహుమతి కావాలి, రేపు ఆ పతకం ఇవ్వండి అని అడిగారని ఆ జట్టువాళ్లు తర్వాత గుర్తుచేసుకున్నారు. ఇక ఆయన చేసిన ఎంపికలు చూడండి. జర్నైల్ సింగ్ డిఫెండరు, అంతకుముందు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. గోల్‌కీపరుగా పీటర్ తంగరాజ్‌ను దింపారు, ఫ్లూ జ్వరం నుంచి అప్పుడే లేచిన మనిషి. ఆ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడే. సికింద్రాబాద్ మార్నింగ్ స్టార్ క్లబ్బులో ఆట మొదలుపెట్టాడు, సైన్యంలో చేరినప్పుడు సెంటర్ ఫార్వర్డ్, తర్వాత గోల్‌కీపరయ్యాడు. గోల్స్ కొట్టాలనుకున్నవాడు గోల్స్ ఆపేవాడయ్యాడు! ముందుండాల్సినవాడు వెనక, వెనకుండాల్సినవాడు ముందు. పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు, ఇరవయ్యో నిమిషంలో కుట్లున్న ఆ జర్నైల్ సింగే రెండోది కొట్టాడు. కొరియా ఒకటి తిరిగి కొట్టింది. 2-1తో బంగారు పతకం మనదైంది.

1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. 53 ఏళ్లు. నాకన్నా ఒక ఏడాది తక్కువ. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు బంగారు పతకం రాలేదు. 1970లో కంచు వచ్చింది, అంతే. 2024 సెప్టెంబరులో మాకు దగ్గర్లోనే గచ్చిబౌలి స్టేడియంలో అంతర్జాతీయ పోటీ జరిగితే మా యువకులు రింగు రోడ్డెక్కి చూడ్డానికి వెళ్లారు. అప్పుడూ జాతీయ జట్టుకు కొత్త కోచే. మారిషస్‌తో గోల్ లేకుండా డ్రా, సిరియా చేతిలో 3-0 ఓటమి. "ఊకెనే పోయినం" అన్నారు తిరిగొచ్చి. రహీం సాబ్ మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది కూడా అదే ఏడాది. అప్పటిదాకా ఆయన పేరు ఈ నగరంలోనే ఎంతమందికి తెలుసు?

హకీం సంగతి చెప్పాలి. వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరయ్యాడు. అంతర్జాతీయ మ్యాచులకు ఫిఫా గుర్తింపున్న రెఫరీ అయ్యాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలప్పుడు జాతీయ జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. 2021 ఆగస్టులో మరణించాడు. బెంచీ మీద కూర్చోబెట్టినందుకు జీవితం ఆగిపోలేదు. ఇది చదివి నేను ఊరట పొందానని ఒప్పుకుంటాను. అయితే రోమ్‌లో ఆ జాబితా రాసిన రాత్రి తండ్రికి ఇదంతా తెలియదు కదా. కొడుకు ఏమవుతాడో తెలియకుండానే రాశాడు.

మా కాలేజీ అబ్బాయి జట్టు ఆ ఏడాది కప్పేమీ గెలవలేదు. అంతర్ కళాశాలల పోటీల్లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. అంతకుముందు ఏడాది మొదటి రౌండే దాటలేదు. ఓడిన మ్యాచ్‌కు నేను వెళ్లాను. మా వాణ్ణి రెండో సగంలో దింపారు. ఎడమవైపు నుంచి, ఎడమకాలుతో, బంతిని మధ్యలో ఉన్న మరో కుర్రాడికి అందించాడు, ఆ కుర్రాడు గోల్ కొట్టాడు. జట్టంతా గోల్ కొట్టినవాడి మీద పడ్డారు. మా వాడు దూరంగా నిలబడి తన ఎడమకాలి బూటు వైపు చూసుకుంటున్నాడు. గీత అవతల పీడీ సారు చప్పట్లు కొట్టలేదు, నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

ఆ వారమే మా వాణ్ణి గదిలోకి పిలిచాను. మొదట అమ్మతో చెప్పాను, ఆమె ఏమీ అనలేదు, చపాతీలు ఒత్తుతూనే ఉంది. కొడుకుతో చెప్పడం అంత సులువు కాలేదు. పెద్దలు అనుకుంటున్న మాట, నేను కాదనని మాట, నా తప్పు, అన్నీ చెప్పాను. బర్నబా గురించి చెప్పలేదు. ఇంట్లో ప్రసంగం చేయకూడదని అప్పటికైనా నేర్చుకున్నాను. వాడు చాలాసేపు కీబోర్డు కవరు జిప్పు తీస్తూ, వేస్తూ కూర్చున్నాడు. "సరే నాన్నా" అన్నాడు. అది ఎలాంటి సరేనో నాకు అర్థం కాలేదు.

ఆదివారం ఆ కార్గో యువకుడి పేరు ప్రకటించాను. వెనక వరుసలో ఇద్దరు పెద్దలు ముఖాలు చూసుకున్నారు. ఒకాయన మూడు వారాలుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, ఇప్పటికీ. ఆ యువకుడు రాత్రి డ్యూటీ బట్టల్లోనే వచ్చినట్టున్నాడు, లేచి నిలబడి ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. శనివారం కూటానికి అతనే ముందు నిలబడాలి. నేను వెళ్లకూడదని నిర్ణయించుకుని, తీరా కాళ్లాగక వెళ్లి కిటికీ అవతల నిలబడ్డాను. మా వాడు కీబోర్డు స్టాండు మీద పెట్టి, తీగ కలిపి, తలెత్తి అతని వైపు చూశాడు.

"అన్నా, ఏ పాటతో మొదలుపెడదాం?"

అతను ఏదో చెప్పాడు. పైన విమానమొకటి వెళ్తోంది, వినబడలేదు.